గేటుకు బ్యాంకు నోటీసు అంటించి పోయారు, ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవట్లేదు

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. ఖమ్మంలో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. నాన్న టైల్స్ దుకాణం కోసం ఇల్లు కుదువపెట్టి బ్యాంకులో 20 లక్షలు తీసుకున్నాడు. దుకాణం మూతపడింది. కిస్తీలు కట్టక ఏడాది అవుతోంది. 12 రోజుల కింద బ్యాంకువాళ్లు వచ్చి గేటుకు నోటీసు అంటించి, ఫొటోలు తీసుకుని పోయారు. అందులో 18 లక్షల 40 వేలు కట్టాలని ఉంది. ఇంగ్లిషులో ఉండటంతో నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి నాన్న నోరు విప్పడు. అమ్మ రాత్రిళ్లు నా మంచం మీద కూర్చుని ఏడుస్తుంది. ఒకరికొకరు ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పిస్తున్నారు. నానమ్మ కోడలు అడుగుపెట్టిన వేళను తిడుతుంది. తండ్రి అప్పు తీర్చాల్సింది కొడుకే అని, ఆరో తరగతి చదివే మా తమ్ముణ్ని చూసి కళ్లు తుడుచుకుంటుంది. వాడికి మేమేమీ చెప్పలేదు. ఎవరెవరో నా ఫోన్‌కి చేసి డబ్బులు అడుగుతున్నారు. కాలేజీ మానేసి బట్టల షాపులో చేరదామనుకుంటున్నా. మాకు ఎన్ని రోజులు టైముంది? నేనేం చేయాలి? ఇంకోటి, అడగడానికి సిగ్గుగా ఉంది. పెరట్లో తాత పెట్టిన జామచెట్టు ఉంది. దాన్ని తీసుకుపోవడం కుదురుతుందా?

సమాధానం: తల్లీ, ముందుగా ఒకటి చెప్పాలి. రేపు పొద్దున ఎవరూ వచ్చి మిమ్మల్ని బయటికి గెంటరు. ఆ కాగితానికీ ఇల్లు ఖాళీ చేయడానికీ మధ్య ఇంకా కొన్ని మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకు ఒక్కో గడువు ఉంది. ఇంట్లో ఇంగ్లిషు చదవగలిగింది నువ్వే కాబట్టి ఆ గడువులు కనిపెట్టే పని నీ మీద పడింది. ఆ పని చెయ్యి. అప్పు తీర్చడం, అమ్మానాన్నల మధ్య రాజీ చేయడం మాత్రం నీ పనులు కావు. ఈ జవాబు పొడవునా ఆ గీత ఎక్కడుందో చూపిస్తూ పోతాం.

నోటీసును మళ్లీ ఒకసారి చేతిలోకి తీసుకో. పైన తేదీ, రెఫరెన్స్ నంబరు ఉంటాయి. కింద 2002 నాటి సర్ఫేసీ చట్టం (బాకీ కట్టకపోతే కుదువపెట్టిన ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) పేరు, దాని పక్కన సెక్షన్ నంబరు ఉంటాయి. 13(2) అని మాత్రమే ఉంటే అది డిమాండ్ నోటీసు. బాకీ కట్టడానికి 60 రోజుల గడువిచ్చినట్టు. 13(4), రూల్ 8, అపెండిక్స్ నాలుగు అని ఉంటే అది పొసెషన్ నోటీసు, అంటే ఇంటిని స్వాధీనం చేసుకున్నామని చెప్పే కాగితం. గేటుకు అంటించి ఫొటో తీశారంటే మీది చాలావరకు ఈ రెండోదే అయ్యుండాలి. అంటే డిమాండ్ నోటీసు అంతకు రెండు నెలల ముందే వచ్చి ఉంటుంది. దాని తేదీ కూడా ఈ కాగితంలోనే రాసి ఉంటుంది, చూడు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, పోస్టులో వచ్చిన ఆ మొదటి కవరును తండ్రి సంతకం చేసి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బీరువా మీద పడేస్తాడు. మీ ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటే దాన్ని పట్టుకుని ఇప్పుడు పంచాయితీ పెట్టొద్దు. కవరు దొరికితే ఫైల్లో పెట్టండి, చాలు.

ఇప్పుడు బ్యాంకు తీసుకున్నది కాగితం మీది స్వాధీనమే. మీరు ఇంట్లో ఉండొచ్చు. ఇల్లు నిజంగా ఖాళీ చేయించాలంటే బ్యాంకు కలెక్టరు దగ్గరికో, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ దగ్గరికో వెళ్లి 14వ సెక్షన్ కింద ఆర్డరు తెచ్చుకోవాలి. దానికి చట్టం చెప్పిన గడువు 30 రోజులు, కారణాలు రాసి 60 దాకా పొడిగించుకోవచ్చు. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంటుంది కానీ ఆ ఆలస్యాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఇంకోవైపు, వేలం వేయాలంటే మొదటిసారి కనీసం 30 రోజుల ముందు అమ్మకం నోటీసు ఇవ్వాలి.

మీ వైపు గడువులు రెండు. బ్యాంకు చర్య తప్పని అనుకుంటే పొసెషన్ నోటీసు నుంచి 45 రోజుల్లోపు హైదరాబాద్‌లోని డెట్స్ రికవరీ ట్రిబ్యునల్‌కి (బ్యాంకు బాకీల కేసులు వినే ప్రత్యేక కోర్టు) వెళ్లాలి. ఉత్తరం రాసేనాటికి 12 రోజులు పోయాయన్నావు, అంటే 33 మిగిలాయి. ఇది చదివేసరికి ఇంకొన్ని తగ్గి ఉంటాయి. నోటీసు తేదీ నుంచి లెక్కపెట్టి 45వ రోజును క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో చుట్టు. రెండో గడువు ఇంకా ముఖ్యం. వేలం ప్రకటన పత్రికలో పడేలోపు ఎప్పుడైనా బాకీ మొత్తం ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. 2016 సవరణ తర్వాత ఆ ప్రకటన పడిందంటే ఈ హక్కు పోయినట్టే. "వేలం రోజు దాకా టైముంది" అని పాతకాలపు మాట ఎవరైనా చెబితే నమ్మకండి.

కాగితంలో తప్పులు కూడా వెతుకు. ఇంటి నంబరు, సర్వే నంబరు, ఎన్ని గజాలు, నాలుగు దిక్కుల హద్దులు మీ రిజిస్ట్రేషన్ డాక్యుమెంటుతో కలుస్తున్నాయా? కట్టిన కిస్తీలన్నీ లెక్కలోకి వచ్చాయా? తేడా కనిపిస్తే పెన్సిల్‌తో గుర్తు పెట్టు. అది తప్పో కాదో తేల్చేది వకీలు. నీ పని అక్కడితో అయిపోయింది.

వకీలు ఫీజెక్కడిది అంటావేమో. లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఇలాంటి లోన్లకు సాధారణంగా భార్య సంతకం కూడా తీసుకుంటారు. అంటే మీ అమ్మ కూడా ఆ కేసులో పార్టీయే, తన పేరు మీద తానే అడగొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. నోటీసు, లోను పాస్‌బుక్కు, ఇంటి కాగితాల జిరాక్సులు, ఆధార్ పట్టుకుని అమ్మ వెళ్లాలి. నువ్వు వెంట వెళ్లొచ్చు, కానీ మాట్లాడేది అమ్మ. ట్రిబ్యునల్‌కి వెళ్తే 18 లక్షల 40 వేల బాకీకి కోర్టు ఫీజు 7,250 అవుతుంది. స్టే వచ్చినా సాధారణంగా ఇంత సొమ్ము ఫలానా తేదీలోపు కట్టాలని షరతు పెడతారు. అది కట్టలేకపోతే స్టే పోతుంది. "లోకల్ కోర్టులో సివిల్ దావా వేసి ఆపించేస్తా, 30 వేలివ్వండి" అని ఎవరైనా వస్తే, ఈ చట్టంలో 34వ సెక్షన్ సివిల్ కోర్టులకు అడ్డంగా ఉందని గుర్తుంచుకోండి. అలాంటివాళ్లు నోటీసు పడిన ఇంటి చుట్టూ ఈగల్లా ముసురుతారు.

మా అభిప్రాయం దాచం. దుకాణం మూతపడింది, ఏడాదిగా కట్టలేదు, కొత్త ఆదాయం కనబడటం లేదు. ఇలాంటప్పుడు ఇల్లు నిలబెట్టుకోవడానికి చేసే పోరాటం కన్నా, వేలానికి ముందే తామే అమ్ముకోవడం చాలా కుటుంబాలకు మేలు. ఊరికే లెక్క కోసం అనుకుందాం. మీ ఇల్లు బయట 35 లక్షలు పలుకుతుంది. మీరే అమ్మితే బ్యాంకుకు 18 లక్షల 40 వేలు, ఆపైన పడే మిత్తి, ఖర్చులు పోను 15, 16 లక్షలు చేతికొస్తాయి. అదే ఇల్లు వేలంలో 26 లక్షలకు పోతే మిగిలేది ఏడు లక్షల లోపే. వేలంలో మిగిలిన సొమ్ము కూడా మీదే, బ్యాంకు వెనక్కివ్వాలి, అడిగి తీసుకోవాలి. వేలంలో తక్కువొస్తే మాత్రం మిగతా బాకీ కోసం బ్యాంకు మళ్లీ వెంటపడొచ్చు. అమ్మాలనుకుంటే ఒక మెలిక ఉంది. డిమాండ్ నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. కొనేవాడు దొరికాక అమ్మానాన్నలు ఇద్దరూ సంతకం పెట్టి, ధర, గడువు రాసి మేనేజరుకు ఉత్తరమివ్వాలి. కొంత తగ్గించి ఒకేసారి తీసుకునే ఓటీఎస్ ఉందేమో ఆ ఉత్తరంలోనే అడగాలి. ఆ ఉత్తరం ఇంకో కాపీ మీద బ్యాంకు స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగి వచ్చినవాళ్ల దగ్గర తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు.

చేయకూడనిది ఒకటుంది. బ్యాంకును ఆపడానికని బయట మూడు రూపాయల మిత్తికి తేవడం. రెండు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు మిత్తే అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. అమ్మ మహిళా సంఘంలో తీసుకుని ఇటు పోసినా అంతే, పైగా సంఘంలో పది మంది ఆడవాళ్ల ముందు తలదించుకోవాల్సి వస్తుంది.

ఇక నీ బట్టల షాపు సంగతి. నెలకు పది వేలిస్తారనుకుందాం. 18 లక్షల 40 వేల మీద ఏడాదికి 12 శాతం వేసుకున్నా నెల మిత్తి 18,400. నీ జీతం మొత్తం పోసినా ఆ నెల మిత్తికే ఇంకా 8,400 తక్కువ పడుతుంది. చదువు పోతుంది, ఇల్లు ఆగదు. ప్రైవేటు కాలేజీ ఫీజే భారమైతే ఇప్పుడే ప్రిన్సిపల్‌ని కలవండి. బాకీ ఎంత, ఏ నెల ఎంత కడతారో కాగితం మీద రాయించుకోండి. చెప్పకుండా మానేస్తే టీసీ దగ్గర ఇరుక్కుంటారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. మారాలనుకుంటే సంవత్సరం మొదట్లోనే తేలిక. స్కాలర్‌షిప్ కోసం మీసేవలో ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. దుకాణం ఉన్న రోజుల నాటి పాతది కాకుండా ఇప్పటి ఆదాయంతో తీసుకోవాలి.

ఫోన్‌కి వచ్చేవాళ్లకు ఒక్క మాట చాలు: "నేను మైనర్‌ని, అప్పు నాది కాదు, మా నాన్న నంబరు మీ దగ్గర ఉంది." పెట్టేయ్. వాదించకు, బతిమాలకు, "వచ్చే వారం కడతాం" అని వాళ్ల తరఫున మాటివ్వకు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులనూ స్నేహితులనూ వేధించకూడదు. నంబరు, తేదీ, టైము ఒక నోటుబుక్కులో రాసుకో, స్క్రీన్‌షాట్లు దాచు. నాన్న వాటితో బ్యాంకుకు ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో దారికి రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, నంబరు 14448. బెదిరింపులైతే అన్ని రోజులు ఆగక్కర్లేదు, 112కి చెయ్యి. 18 ఏళ్లలోపు పిల్లలకు 1098 ఉండనే ఉంది. ఇంకోటి, ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దు. మైనరు సంతకం ఒప్పందంగా చెల్లదు నిజమే, అయినా చిక్కులెందుకు? రెండేళ్లయ్యాక జామీను సంతకం అడుగుతారేమో, అప్పుడూ పెట్టొద్దు.

నానమ్మ భయం పాతకాలపుది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని, ఆ ఒక్క కారణంతో కొడుకు మీద వసూలుకు వెళ్లే పద్ధతిని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తీసేసింది. మీ తమ్ముడి మీద ఏ అప్పూ లేదు. ఈ మాట ఆమెకు తెలుగులో, నెమ్మదిగా, వాడు వినేలా చెప్పు. పదకొండేళ్ల పిల్లాడికి ఏమీ తెలియదనుకోవడం పెద్దవాళ్ల భ్రమ. గేటు మీద కాగితం వాడూ చూశాడు. వాడికి మూడు సంగతులు తెలిస్తే చాలు: మనం ఇల్లు మారొచ్చు, అందరం కలిసే ఉంటాం, ఇది నీవల్ల జరగలేదు. తేదీ తెలియకపోతే "తెలియగానే నీకూ చెప్తా" అను. "ఏం కాదులే" అని మాత్రం అనకు. రేపు ఏదైనా అయితే నీ మాట నమ్మడం మానేస్తాడు.

అమ్మానాన్నల మధ్య తపాలా మానెయ్. "మీ నాన్నకు చెప్పు, కరెంటు బిల్లు వచ్చిందని" అంటే, "అమ్మా, పక్క గదిలోనే ఉన్నాడు, నువ్వే చెప్పు" అని పుస్తకంలోకి వెళ్లిపో. మొదటి నాలుగు రోజులు కోపగించుకుంటారు, "నువ్వు కూడానా" అంటారు. కోపం భరించు, కబురు మొయ్యకు. రాత్రి అమ్మ ఏడుస్తుంటే అరగంట దగ్గర కూర్చో, చెయ్యి పట్టుకో. ఆ తర్వాత, "దీని గురించి పిన్నితో మాట్లాడమ్మా, నాకు పొద్దున కాలేజీ ఉంది" అని లేవడం తప్పు కాదు. రోజూ రాత్రి ఒంటిగంట దాకా ఆమె దుఃఖం వినే మనిషి నువ్వొక్కదానివే అయితే, నెల తిరిగేసరికి ఇద్దరూ కుప్పకూలతారు.

వాళ్లిద్దరినీ కూర్చోబెట్టడానికి పెద్దమనిషి కావాలి. మేనమామను పిలవాలనే మొదట అనిపిస్తుంది. జాగ్రత్త, పుట్టింటివాళ్లు వచ్చి కూర్చుంటే నాన్న ఇంకా ముడుచుకుపోతాడు. నాన్న ఎవరి మాట వింటాడో చూడు. దుకాణం పక్కన షాపాయనో, పెదనాన్నో, పాత స్నేహితుడో. ఆయనకు నువ్వు చెప్పాల్సింది ఒక్కటే: "అంకుల్, ఈ తేదీలోపు వకీలును కలవాలి, ఇంట్లో మాటల్లేవు, ఆదివారం ఒకసారి రండి." నోటీసు ఫొటో వాట్సాప్‌లో పంపు. అప్పు మాటలకు వారంలో ఒక పూట, ఒక గంట పెట్టుకోమని ఆయన చేతే చెప్పించు. మిగతా రోజుల్లో అన్నాల దగ్గర ఆ ఊసు వద్దు.

నాన్న మౌనం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. సిగ్గుతో మాట్లాడకపోవడం వేరు. "నేను లేకుంటే మీరు బాగుపడతారు" అనడం, ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో పిలిచి చూపించడం, వేళకాని వేళ అందరికీ జాగ్రత్తలు చెప్పడం వేరు. రెండో రకం కనిపిస్తే అదే గంటలో ఇంకో పెద్దమనిషికి చెప్పు. "ఎవరికీ చెప్పకు" అని ఆయన ఒట్టు పెట్టించుకున్నా సరే చెప్పు. ఆయన్ను ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే, నిద్రమాత్రలుంటే పెద్దవాళ్లెవరి చేతనైనా ఇంటి బయటికి చేర్పించండి. మానసిక సాయం కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి రాత్రైనా పగలైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఆయన ఏదైనా చేసుకున్నాడని అనుమానం వస్తే 108. నీకే బతకాలనిపించకపోయినా అదే 14416. ఆయన అమ్మ మీద చెయ్యి చేసుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 లేదా 112. అడ్డం వెళ్లకు, తమ్ముణ్ని తీసుకుని పక్కింటికి వెళ్లి అక్కణ్నుంచి ఫోన్ చెయ్యి.

పేరు బయటపడటం గురించి సిద్ధంగా ఉండు. పొసెషన్ నోటీసును వారం లోపు రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. అంటే ఈపాటికి నాన్న పేరు, ఇంటి నంబరు తెలుగు పేపర్లో వచ్చే ఉంటాయి. కాలేజీలో ఎవరైనా అడిగితే "ఇంటి మీద లోను గొడవుంది, ఇల్లు మారతామేమో" అను. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. నమ్మకమైన లెక్చరర్ ఒకరికి మాత్రం నువ్వే ముందు చెప్పు. రేపు ఇంటర్నల్స్ తప్పినా, నాలుగు రోజులు రాకపోయినా ఆ ఒక్కరు నీ వైపు మాట్లాడతారు.

ఈ వారమే చేయాల్సిన చిన్న పని ఒకటి. జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు కొను. నీ పదో తరగతి మెమో, ఇద్దరి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు, ఆధార్‌లు, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, నానమ్మ పింఛను కాగితాలు, మందుల చీటీ అందులో పెట్టి పిన్ని ఇంట్లో ఉంచు. ఎందుకంటే, భయంతో ఇంటికి తాళం వేసి బంధువుల ఊరు వెళ్లిపోయేవాళ్లుంటారు. ఆర్డరుతో వచ్చిన అడ్వకేట్ కమిషనర్ (ఇల్లు స్వాధీనం చేయించడానికి నియమించిన వకీలు) ఆ తాళం పగలగొట్టించి, సామాను పంచనామా రాయించి, కొత్త తాళం వేస్తాడు. ఇక పరీక్ష ఫీజు కట్టే రోజున మెమో కోసం పిల్లలు బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది. తాళం వేయకండి. అద్దె ఇల్లు వెతికేటప్పుడు మీ ఇద్దరి చదువులకూ దగ్గరగా, నానమ్మకు మెట్లు లేకుండా చూడమను. అడ్వాన్సు సొమ్ము ముందే పక్కన పెట్టుకోవాలి. చివరి వారం దాకా ఆగితే దొరికిన ఇంట్లో దూరాల్సి వస్తుంది.

జామచెట్టు గురించి సిగ్గెందుకు? ఇన్నేళ్ల చెట్టును పెళ్లగిస్తే బతకదు, కానీ అంటు కట్టుకోవచ్చు. ఇప్పుడు వానాకాలం, సరిగ్గా అదను. పెన్సిలంత లావున్న ఏడాది కొమ్మను ఎంచుకో. చివరి నుంచి మూరెడు వెనక్కి వచ్చి, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు వలిచెయ్. లోపలి జిగురు పొర కూడా చాకుతో గీకాలి, అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోయి వేరు రాదు. తడిపి పిండిన కొబ్బరిపొట్టు గుప్పెడు ఆ చోట పెట్టి, తెల్లటి ప్లాస్టిక్ కవరు చుట్టి, పైనా కిందా సుతిలితో బిగించు. నీళ్లు లోపలికి కారకూడదు, కుళ్లుతుంది. దీన్ని గూటీ అంటు అంటారు. ఐదు నుంచి ఎనిమిది వారాల్లో కవరులోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు కట్టు కిందుగా కోసి కుండీలో పెట్టి, రెండు వారాలు నీడన ఉంచాలి. అన్నీ పట్టవు కాబట్టి నాలుగైదు కొమ్మలకు కట్టండి. సుతిలి ముడులు తమ్ముడి చేత వేయించు. ఏ కొమ్మ కాయలు తియ్యగా ఉంటాయో నానమ్మకు తెలిసే ఉంటుంది, ఆమెనడుగు.